ఎన్ని షేర్లు కొనవచ్చు? చమురు కంపెనీల మదుపు పట్టిక: ప్రాజెక్టు డైరీ

ప్రయోజనం, పరిధి

చమురు కంపెనీల షేర్లలో చిన్న మొత్తాలతో క్రయవిక్రయాలు చేసేవారికి ఉపయోగపడేలా ఒక స్ప్రెడ్‌షీటు తయారు చేస్తున్నాను. రేపు ధర పెరుగుతుందో తగ్గుతుందో చెప్పే బాధ్యత దీనికి అప్పగించలేదు. ఒక కంపెనీ షేరు ముడిచమురు ధరతో ఎంతవరకు ముడిపడి ఉంది, ఒక్క రాత్రిలో అది ఎంత లోతుకు పడిపోగలదు, అలా పడినా మూలధనం నిలవాలంటే గరిష్ఠంగా ఎన్ని షేర్లు కొనవచ్చు అన్న మూడు ప్రశ్నలకు అంకెల్లో జవాబు రాబట్టడమే దీని పని. చమురు ఉత్పత్తిని కలిసి నిర్ణయించుకునే ఒపెక్ ప్లస్ దేశాల సమావేశంలో ఏం తేలుతుందో, ఏ జలసంధిలో ఏ ట్యాంకరు ఆగిపోతుందో చిన్న మదుపరికి ముందుగా తెలిసే అవకాశం లేదు. ఎన్ని షేర్లు కొనాలన్నది మాత్రం ఆర్డరు పెట్టే క్షణం దాకా పూర్తిగా అతని చేతిలోనే ఉంటుంది. ధర గురించి గంటల తరబడి ఆలోచించేవారు కూడా పరిమాణాన్ని ఖాతాలో మిగిలిన డబ్బును బట్టి తేల్చేయడం నాకు చాలా కాలంగా బాధ కలిగిస్తోంది. ఈ ప్రాజెక్టు మొదలుపెట్టడానికి అదే కారణం.

2020 మార్చి 9 నాటి ధరలను ఈ పనికి గీటురాయిగా పెట్టుకున్నాను. ఉత్పత్తి కోతల మీద రష్యాతో చర్చలు విఫలమైన వెంటనే సౌదీ అరేబియా తన చమురు అమ్మకపు ధరలను భారీగా తగ్గించింది. వారాంతం ముగిసి మార్కెట్లు తెరుచుకున్నాక అంతర్జాతీయ కొలమానంగా వాడే బ్రెంట్ రకం ముడిచమురు ఒక్కరోజులో 24 శాతం పడి, బ్యారెల్ 34.36 డాలర్ల వద్ద ముగిసింది. ఆ రోజు ఎక్సాన్ మొబిల్ షేరు దాదాపు 12 శాతం తగ్గితే, ఆక్సిడెంటల్ పెట్రోలియం షేరు సగానికి పైగా విలువ కోల్పోయింది. రెండూ భూమిలోంచి చమురు తీసే కంపెనీలే, రెండింటికీ తగిలింది ఒకే వార్త. తేడా అప్పుల్లో ఉంది. ఆక్సిడెంటల్ అంతకు ముందటి ఏడాది ఆగస్టులో అనడార్కో కంపెనీని కొనడానికి భారీగా అప్పు చేసింది. మార్చి 10న అది తన త్రైమాసిక డివిడెండును (వాటాదారులకు పంచే మొత్తాన్ని) షేరుకు 79 సెంట్ల నుంచి 11 సెంట్లకు కుదించింది. అందువల్ల పట్టికలో చమురు రంగం మొత్తానికి ఒకే అంచనా పెట్టకుండా, ప్రతి కంపెనీకి విడిగా ఒక వరుస, ఆ వరుసలో అప్పుకు ఒక గడి తప్పనిసరిగా ఉండాలని నిర్ణయించాను.

ధరల సేకరణ

పట్టికకు మూడు ధరల శ్రేణులు కావాలి. ఒకటి కంపెనీ షేరు ముగింపు ధర, రెండోది ముడిచమురు ఫ్యూచర్స్ ధర (రాబోయే ఒక నెలలో అందించే చమురుకు ఇప్పుడే కుదిరే కాంట్రాక్టు ధర), మూడోది షేర్ల మార్కెట్ సూచీ. వీటిని తేదీల వారీగా పక్కపక్కన అతికిస్తే సరిపోతుందని అనిపిస్తుంది గాని, ఆ తేదీల వెనుక ఉన్న గడియారాలు ఒకటి కావు. అమెరికా ముడిచమురు రకమైన డబ్ల్యూటీఐ ఫ్యూచర్స్ సెటిల్‌మెంట్ ధరను, అంటే ఆ రోజు అధికారిక ముగింపు ధరను, న్యూయార్క్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం 2.30కి నిర్ణయిస్తారు, అక్కడి షేర్ల మార్కెట్ సాయంత్రం 4 గంటలకు ముగుస్తుంది. మధ్యలో ఉన్న గంటన్నరలో వచ్చిన వార్త షేరు ధరలో ఆ రోజే చేరుతుంది, చమురు ధరలో మాత్రం మర్నాటి లెక్కలోకి వెళ్తుంది. వేరే ఖండంలోని ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ అయితే ఈ ఎడం ఇంకా పెద్దది. రోజువారీ మార్పులతో సంబంధాన్ని కొలిస్తే అది ఉన్నదానికన్నా బలహీనంగా కనబడుతుంది. అందుకే సంబంధాన్ని కొలవడానికి వారపు ముగింపు ధరలను, ఒడుదొడుకుల పరిమాణాన్ని కొలవడానికి రోజువారీ ధరలను వాడుతున్నాను.

షేర్ల విభజనలు, విలీనాలు సరిచేసిన ధరలనే తీసుకోవాలి. చెసపీక్ ఎనర్జీ 2020 ఏప్రిల్‌లో 200 పాత షేర్లను ఒక్క కొత్త షేరుగా మార్చింది. సరిచేయని ధరల్లో ఆ రోజు షేరు దాదాపు 200 రెట్లు పెరిగినట్టు కనబడుతుంది, వాటాదారుడి చేతికి మాత్రం ఒక్క సెంటు కూడా అదనంగా రాలేదు. డివిడెండ్లను కూడా కలుపుకోవాలి, ఎందుకంటే ఈ రంగంలో మదుపరి రాబడిలో అవి పెద్ద భాగం. అవి శాశ్వతమని లెక్కలో రాసుకోవడం మాత్రం తగదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఎన్నడూ డివిడెండు తగ్గించని షెల్ కంపెనీ 2020 ఏప్రిల్ 30న దాన్ని 47 సెంట్ల నుంచి 16 సెంట్లకు దించింది.

ఈ దశలో ఎక్కువ శ్రమ పెట్టినది కంపెనీల జాబితా మీద. ఇవాళ ఎక్స్ఛేంజీలో ట్రేడవుతున్న పేర్లను మాత్రమే తీసుకుని గతాన్ని పరీక్షిస్తే, పట్టికలో మిగిలేవన్నీ బతికి బయటపడిన కంపెనీలే అవుతాయి, చమురు షేర్లు ఎంత పడినా చివరికి లేస్తాయన్న భ్రమ కలుగుతుంది. వైటింగ్ పెట్రోలియం 2020 ఏప్రిల్ 1న దివాలా రక్షణ కోరింది. పునర్వ్యవస్థీకరణ తర్వాత పాత వాటాదారులకు కొత్త కంపెనీలో దక్కిన వాటా 3 శాతం, దానితోపాటు కొన్ని వారెంట్లు (తర్వాత నిర్ణీత ధరకు షేర్లు కొనుక్కునే హక్కులు). చెసపీక్ అదే ఏడాది జూన్ 28న దివాలా కోర్టుకు వెళ్లింది, దాని పాత షేర్లు ఆ తర్వాత రద్దయిపోయాయి. మన విషయానికి చాలా దగ్గరైన సంగతి ఒకటి ఇందులోనే ఉంది. దివాలాకు మూడు వారాల ముందు, జూన్ 8న, చెసపీక్ షేరు ఒక్కరోజులో రెట్టింపుకు మించి పెరిగింది, మర్నాడు దివాలా వార్తలు బయటకు రాగానే కుప్పకూలింది. ఆ రెండు రోజుల ధరల గీతను చూస్తే, ధర తక్కువగా ఉందన్న ఒక్క కారణంతో షేరు కొనడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. కనుమరుగైన కంపెనీల వరుసలను పట్టికలో ఉంచి, చివరి గడిలో వాటాదారుడికి మిగిలిన విలువను సున్నా లేదా సున్నాకు దగ్గరగా నమోదు చేశాను.

రుణాత్మక ధర దగ్గర సూత్రం ఆగిపోవడం

ముడిచమురు శ్రేణిలో ఒక చోట లెక్క నిలిచిపోతుంది. ఆ మూడు వరుసలను ఇక్కడ యథాతథంగా రాస్తున్నాను. 2020 మే నెల డబ్ల్యూటీఐ కాంట్రాక్టు ఏప్రిల్ 17న 18.27 డాలర్ల వద్ద, ఏప్రిల్ 20న మైనస్ 37.63 డాలర్ల వద్ద, ఏప్రిల్ 21న 10.01 డాలర్ల వద్ద సెటిల్ అయింది. రాబడిని లాగరిథమ్‌తో లెక్కగట్టే సూత్రం రెండో వరుసలో దోషసూచన చూపుతుంది, ఎందుకంటే రుణసంఖ్యకు లాగరిథమ్ ఉండదు. సాధారణ శాతంతో లెక్కిస్తే ఏప్రిల్ 20 మార్పు మైనస్ 306 శాతం అని వస్తుంది, దానికి అర్థం చెప్పుకోవడమే కష్టం. ఏప్రిల్ 21 ఇంకా విచిత్రం. ఆ రోజు ధర 47.64 డాలర్లు పెరిగింది, కాని హారంలో రుణసంఖ్య ఉండడంవల్ల గడిలో మైనస్ 126.6 శాతం అని పడుతుంది. పెరిగిన రోజును పడిపోయిన రోజుగా చూపించే ఇలాంటి గడి ఒక్కటి ఉన్నా దాని మీద ఆధారపడిన సగటులన్నీ చెడిపోతాయి.

ఇందుకు రెండు పరిష్కారాలు ఉన్నాయి. మార్పును శాతంలో కాకుండా డాలర్లలో కొలవడం మొదటిది. చికాగో మర్కంటైల్ ఎక్స్ఛేంజి కూడా ఆ నెలలోనే చమురు ఆప్షన్ల (నిర్ణీత ధరకు కొనే లేదా అమ్మే హక్కుల) విలువ లెక్కింపును, ధర సున్నా కిందికి పోదన్న ఊహ మీద నడిచే పద్ధతి నుంచి, ఫ్రెంచి గణితవేత్త లూయీ బాషెలియే 1900లో ప్రతిపాదించిన పద్ధతికి మార్చింది. అది ధర మార్పులను డాలర్ల తేడాలుగానే చూస్తుంది. రెండో పరిష్కారం కాంట్రాక్టునే మార్చుకోవడం. నేను రెండోదాన్ని ఎంచుకున్నాను, అందుకు సాంకేతిక సౌలభ్యం కన్నా బలమైన కారణం ఉంది. ఏప్రిల్ 20న సున్నా కిందికి జారింది మర్నాడు గడువు తీరబోతున్న మే కాంట్రాక్టు మాత్రమే. ఒక్లహోమాలోని కషింగ్‌లో చమురు అందుకోవాల్సిన ఆ కాంట్రాక్టును చేతిలో ఉంచుకున్నవారికి నిల్వ చేసే చోటు దొరకలేదు, అందుకే ఎదురు డబ్బు ఇచ్చి వదిలించుకున్నారు. అదే రోజు జూన్ కాంట్రాక్టు 20.43 డాలర్ల వద్ద సెటిల్ అయింది, ఏడాది చివరి నెలల కాంట్రాక్టులు 30 డాలర్ల పరిసరాల్లోనే ఉన్నాయి. చమురు కంపెనీ విలువ రాబోయే ఎన్నో ఏళ్ల ఉత్పత్తి మీద ఆధారపడుతుంది గనుక పెద్ద కంపెనీల షేర్లు ఆ రోజు కొద్ది శాతం మాత్రమే తగ్గాయి. షేరుతో పోల్చడానికి సరైన ధర రాబోయే 12 నెలల కాంట్రాక్టుల సగటు. పట్టికలో ఇకనుంచి చమురు ధర అన్న చోటల్లా ఆ సగటే ఉంటుంది.

షేర్లకు బదులు నేరుగా చమురు ధర మీద పందెం కాసే పథకాల్లో చిన్న మదుపరులు ఎలా నలిగిపోయారో ఈ సందర్భంలోనే నమోదు చేయడం అవసరం. బ్యాంక్ ఆఫ్ చైనా నడిపిన ముడిచమురు పథకంలో చేరినవారి లెక్కలను మైనస్ 37.63 డాలర్ల దగ్గరే తేల్చారు, దాంతో పెట్టిన డబ్బంతా పోవడమే కాక ఎదురు బాకీ పడిన పరిస్థితి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో నియంత్రణ సంస్థ ఆ బ్యాంకుకు 5.05 కోట్ల యువాన్ల జరిమానా విధించింది. ఫ్యూచర్స్‌ను నెలనెలా మార్చుకుంటూ పోయే ఫండ్లలో నష్టం మరో దారిలో వస్తుంది. దగ్గరి నెల 20 డాలర్లు, తర్వాతి నెల 25 డాలర్లు ఉన్నప్పుడు 100 కాంట్రాక్టుల విలువతో 80 మాత్రమే కొనగలం, చమురు తర్వాత పెరిగినా ఆ 20 కాంట్రాక్టుల లాభం మనకు రాదు. షేరు కొన్నవాడికి ఈ రెండు చిక్కులూ లేవు. అప్పు తీసుకుని కొననంతవరకు అతని నష్టం పెట్టిన డబ్బుకు మించదు. ఆ కారణంగానే ఈ పట్టికను షేర్లకే పరిమితం చేశాను, మార్జిన్ మీద, అంటే బ్రోకరు ఇచ్చే అప్పుతో, కొనేవారి కోసం గడి ఏదీ పెట్టలేదు.

సంబంధాన్ని కొలవడం

షేరు వారపు రాబడిని సూచీ రాబడి, చమురు ధర మార్పు అనే రెండు అంశాలతో కలిపి రిగ్రెషన్ చేస్తున్నాను, అంటే షేరు కదలికలో ఒక్కో అంశం ప్రభావం ఎంతో గణాంక పద్ధతిలో విడదీస్తున్నాను. చమురును ఒక్కదాన్నే పెడితే మాంద్యం భయంతో రెండూ కలిసి పడిన వారాల్లో మార్కెట్ ప్రభావం కూడా చమురు ఖాతాలో పడిపోతుంది. గడచిన 52 వారాల కిటికీ వారం వారం ముందుకు జరుగుతూ, ప్రతి కంపెనీకి ఒక చమురు గుణకాన్ని, అంటే చమురు ధర ఒక శాతం మారితే షేరు ఎంత శాతం మారుతుందో చెప్పే అంకెను, ఇస్తుంది.

ఈ గుణకాన్ని నమ్మడానికి ఒక హద్దు ఉంది, పట్టిక మొత్తంలో నేను ఎక్కువసేపు ఆలోచించినది దాని గురించే. కంపెనీ ఆస్తుల విలువ 100 అనుకుందాం, అందులో అప్పు 40, వాటాదారుల భాగం 60. ఆస్తుల విలువ 20 శాతం తగ్గి 80కి వస్తే అప్పు 40గానే ఉంటుంది, వాటాదారుల భాగం 40కి పడుతుంది, అంటే 33 శాతం నష్టం. మరో 20 శాతం తగ్గి 64కు వస్తే వాటాదారులకు మిగిలేది 24, ఈసారి నష్టం 40 శాతం. ఆస్తుల విలువలో తగ్గుదల శాతం రెండుసార్లూ ఒకటే, షేరు పడిపోయే వేగం మాత్రం రెండోసారి పెరిగింది. ధరల పతనం మీద అప్పు గోరుచుట్టు మీద రోకటిపోటులా పడుతుంది. కాబట్టి ప్రశాంతంగా గడచిన ఏడాదిలో కొలిచిన గుణకం, అది అత్యవసరమైన రోజునే తక్కువ చెబుతుంది. ఇందుకోసం గుణకం పక్కన అప్పు నిష్పత్తి గడిని చేర్చి, అప్పు ఆస్తుల విలువలో 30 శాతం దాటిన కంపెనీలకు గుణకాన్ని ఒకటిన్నర రెట్లు చేసి వాడుతున్నాను. ఈ ఒకటిన్నర నా సొంత జాగ్రత్త కొద్దీ పెట్టుకున్న అంకె.

అప్పు ఒకవైపు లాగితే హెడ్జింగ్, అంటే రాబోయే ఉత్పత్తికి ధరను ముందే ఖరారు చేసుకోవడం, మరోవైపు పట్టి ఉంచుతుంది. బ్యారెల్ తీయడానికి 40 డాలర్లు ఖర్చయ్యే కంపెనీకి 60 డాలర్ల ధరలో మిగులు 20. ధర 20 శాతం తగ్గి 48కి వస్తే మిగులు 8, అంటే లాభం 60 శాతం పోయింది. అదే కంపెనీ సగం ఉత్పత్తిని 58 డాలర్లకు ముందే ఒప్పందం చేసుకుని ఉంటే సగటు అమ్మకపు ధర 59 నుంచి 53కి మాత్రమే తగ్గుతుంది, మిగులు 19 నుంచి 13కి వస్తుంది, లాభంలో కోత మూడో వంతుకు లోపే ఉంటుంది. ఏ త్రైమాసికానికి ఎన్ని బ్యారెళ్లు ఏ ధరకు హెడ్జ్ చేశారో ఉత్పత్తి కంపెనీలు తమ త్రైమాసిక నివేదికల్లో పట్టికగా ఇస్తాయి. ముఖపత్రంలోని లాభనష్టాల కన్నా ఆ పట్టికే చిన్న మదుపరికి ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. హెడ్జ్ గడువు తీరే త్రైమాసికాన్ని కూడా నమోదు చేయాలి, ఎందుకంటే రక్షణ తొలగిన మర్నాటి నుంచి ఆ షేరు వేరే షేరులా ప్రవర్తిస్తుంది.

శుద్ధి కంపెనీలకు ముడిచమురు ముడిసరుకు, వాటి లాభం చమురు ధరకూ ఉత్పత్తుల ధరకూ మధ్య ఉన్న తేడాలో ఉంటుంది. మూడు బ్యారెళ్ల ముడిచమురు నుంచి రెండు బ్యారెళ్ల పెట్రోలు, ఒక బ్యారెల్ డీజిల్ వస్తాయన్న ఉజ్జాయింపుతో ఆ తేడాను లెక్కిస్తారు. పెట్రోలు గాలను 2.50 డాలర్లు, డీజిల్ 2.60 డాలర్లు అనుకుంటే, బ్యారెల్‌కు 42 గాలన్ల చొప్పున అవి 105, 109.20 డాలర్లవుతాయి. రెండు పెట్రోలు, ఒక డీజిల్ కలిపి మూడుతో భాగిస్తే 106.40, అందులోంచి ముడిచమురు ధర 80 తీసేస్తే బ్యారెల్‌కు 26.40 డాలర్ల తేడా. శుద్ధి కంపెనీల వరుసల్లో చమురు ధర స్థానంలో ఈ తేడానే పెట్టాను. రిగ్గులు, డ్రిల్లింగ్ సేవలు అందించే కంపెనీలను ప్రస్తుతానికి పట్టికలో చేర్చలేదు.

ఎన్ని షేర్లు

ఇక్కడి నుంచి పట్టిక తన అసలు పనికి వస్తుంది. మూలధనం 1,00,000 అనుకుందాం, ఏ కరెన్సీ అయినా సరే. ఒక్క కొనుగోలులో పోగొట్టుకోవడానికి సిద్ధపడే మొత్తం అందులో 1 శాతం, అంటే 1,000. షేరు ధర 250, గత 14 రోజుల్లో అది రోజుకు సగటున కదిలే దూరం 10. స్టాప్‌లాస్‌ను (ధర అక్కడికి పడితే షేరును అమ్మేయమనే ముందస్తు ఆర్డరును) ఆ దూరానికి రెండింతలు కింద, అంటే 230 దగ్గర పెడితే షేరుకు నష్టం 20, కొనదగిన షేర్లు 50. మార్కెట్ అల్లకల్లోలమై రోజువారీ కదలిక 20కి పెరిగితే స్టాప్‌లాస్ దూరం 40 అవుతుంది, షేర్ల సంఖ్య దానంతట అదే 25కి తగ్గుతుంది. ఒడుదొడుకులు పెరిగినకొద్దీ కొనుగోలు చిన్నదవడం ఈ పద్ధతిలోని గుణం. ఉత్సాహం పెరిగినప్పుడు పరిమాణం పెంచే సహజ స్వభావానికి ఇది సరిగ్గా ఎదురు.

స్టాప్‌లాస్ ఒక్కదాని మీదే ఆధారపడితే చమురు షేర్లలో అది నిలవదు. చమురు వార్తలు తరచూ మార్కెట్లు మూసి ఉన్నప్పుడే వస్తాయి. సౌదీలోని అబ్కైక్ చమురు కేంద్రం మీద 2019 సెప్టెంబరు 14న దాడి జరిగినప్పుడు అది శనివారం, రోజుకు 57 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తి ఆగింది, సోమవారం బ్రెంట్ 14.6 శాతం పెరిగి 69.02 డాలర్ల వద్ద ముగిసింది, నెల తిరగకముందే దాదాపు పాత ధరకు చేరింది. ధరలు పడతాయని ముందే అమ్మి ఉంచినవారికి ఆ సోమవారం ఉదయం మధ్యలో ఆగే మెట్టు ఏదీ దొరకలేదు. కొన్నవారికి 2020 మార్చి 9న అదే జరిగింది. 230 దగ్గర స్టాప్‌లాస్ పెట్టిన షేరు 175 దగ్గర తెరుచుకుంటే ఆర్డరు అమలయ్యేది 175 దగ్గరే. పై ఉదాహరణలో 50 షేర్ల మీద నష్టం 3,750, అంటే అనుకున్నదానికి మూడున్నర రెట్లకు పైన.

ధరతో సంబంధం లేని దెబ్బ కూడా ఉంది. 2010 ఏప్రిల్ 20న బీపీ కంపెనీ కోసం సముద్రంలో తవ్వుతున్న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలినప్పుడు ముడిచమురు ధర ఆ స్థాయిలో కూలలేదు, బీపీ షేరు మాత్రం దాదాపు రెండు నెలల్లో సగానికి పైగా పోయింది, జూన్‌లో కంపెనీ డివిడెండును నిలిపివేసింది. ఏ రిగ్రెషన్ గుణకంలోనూ ఈ ప్రమాదం ముందుగా కనబడదు. అందుకే రెండో హద్దు పెట్టాను. షేరు రాత్రికి రాత్రే సగమైనా మూలధనంలో 5 శాతానికి మించి పోకూడదు. దాని ప్రకారం ఒక కంపెనీలో గరిష్ఠ పెట్టుబడి 10,000, అంటే 250 చొప్పున 40 షేర్లు. రెండు హద్దుల్లో ఏది చిన్నదైతే అదే జవాబు. ప్రశాంత కాలంలో రెండో హద్దు 40 దగ్గర ఆపుతుంది, అల్లకల్లోలంలో మొదటి హద్దు 25 దగ్గర ఆపుతుంది.

మూడో సూత్రం అన్ని వరుసల మొత్తం మీద పనిచేస్తుంది. మూడు వేర్వేరు ఉత్పత్తి కంపెనీల షేర్లు కొన్నవారు డబ్బును విడివిడిగా పంచామనుకుంటారు, మార్చి 9 లాంటి రోజున ఆ మూడూ కలిసి పడతాయి. ప్రతి పెట్టుబడిని దాని సవరించిన చమురు గుణకంతో గుణించి, కూడి, ఆ మొత్తం మూలధనంలో 20 శాతం దాటితే కొత్త కొనుగోలు గడి సున్నా చూపేలా రాశాను. శుద్ధి కంపెనీలను ఈ కూడికలో కలపలేదు, వాటికి వేరే కూడిక ఉంది.

పాత రోజులతో పరీక్ష

2020 మార్చి 6 శుక్రవారం ముగింపు ధరలతో పట్టికను నడిపి, సోమవారం ధరలను తర్వాత చేర్చాను. ఆక్సిడెంటల్ విషయంలో రెండో హద్దు పెట్టుబడిని 10 శాతం దగ్గర ఆపుతుంది, షేరు సగానికి పైగా పడింది గనుక నష్టం మూలధనంలో 5 శాతానికి కాస్త పైన ఉంటుంది. 5 శాతం పోయినవారు తిరిగి మొదటికి రావడానికి మిగిలిన డబ్బు మీద 5.3 శాతం సంపాదిస్తే చాలు. ఉన్నదంతా ఆ షేరులో పెట్టినవారికి మిగిలిన డబ్బు రెట్టింపుకు మించి పెరగాలి. ఈ రెండు అంకెలను పట్టిక పైభాగంలో, ఆర్డరు రాసే గడికి ఆనుకుని కనబడేలా ఉంచాను.

పెరిగిన కాలంతో కూడా పరీక్షించాలి, లేకపోతే ఇంత చిన్న పరిమాణాలు లాభాన్ని ఎంత తగ్గిస్తాయో తెలియదు. యుక్రెయిన్ మీద రష్యా దండెత్తిన తర్వాత 2022 మార్చి 7న బ్రెంట్ ట్రేడింగ్ మధ్యలో 139 డాలర్లు దాటింది. ఉత్పత్తి కంపెనీల షేర్లు ఆ ఏడాది బాగా పెరిగాయి, మన హద్దుల్లో కొన్నవారికి లాభం తప్పకుండా తక్కువగానే వస్తుంది. ఆ తేడాను నేను దాచదలచుకోలేదు, ఈ పట్టిక వాడేవారు ఆ మూల్యాన్ని తెలిసే ఒప్పుకోవాలి. అదే ఏడాది మే నెలలో బ్రిటన్ తన జలాల్లో చమురు, గ్యాస్ తీసే కంపెనీల లాభాల మీద 25 శాతం అదనపు లెవీ ప్రకటించింది. చమురు ధర పెరిగినంత మేరా వాటాదారుడి వాటా పెరగదని చెప్పడానికి పన్నుల గడి ఒకటి అవసరమైంది.

ఖర్చులు కలిపినప్పుడు తరచూ కొని అమ్మే పద్ధతుల ఫలితం స్పష్టంగా చిక్కిపోతుంది. బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడియన్ 1991 నుంచి 1996 దాకా 66,465 కుటుంబాల ఖాతాలను పరిశీలించి 2000లో ప్రచురించిన పరిశోధనలో, అందరికన్నా ఎక్కువగా ట్రేడ్ చేసినవారికి ఏడాదికి 11.4 శాతం రాబడి వస్తే, మార్కెట్ రాబడి 17.9 శాతమని తేలింది. ఇప్పుడు బ్రోకరేజీ తగ్గినా కొనేవారు, అమ్మేవారు చెప్పే ధరల మధ్య తేడా చిన్న చమురు కంపెనీల్లో ఇంకా పెద్దగానే ఉంటుంది. నెలకు ఒక్కో కంపెనీలో ఎన్నిసార్లు కొని అమ్మారో లెక్కించి, ఖర్చు మూలధనంలో ఎంత శాతమైందో చూపే కాలమ్ చేర్చాను.

తేదీల కాలమ్, మిగిలిన పని

అమెరికా ఇంధన సమాచార సంస్థ చమురు నిల్వల నివేదికను సాధారణంగా బుధవారం ఉదయం 10.30కి, న్యూయార్క్ కాలమానంలో, విడుదల చేస్తుంది. ఆ నిమిషాల్లో కొనుగోలు, అమ్మకం ధరల మధ్య తేడా పెరుగుతుంది కాబట్టి కొత్త ఆర్డర్లకు అరగంట విరామం సూచించే గుర్తు పెట్టాను. ఒపెక్ ప్లస్ సమావేశం వారాంతంలో ఉంటే, ముందున్న శుక్రవారం రెండో హద్దు సగానికి తగ్గుతుంది.

ఇక రాయాల్సింది బ్యాంకుల తేదీల సూత్రం. చిన్న ఉత్పత్తి కంపెనీలకు బ్యాంకులు వాటి భూగర్భ చమురు నిల్వల విలువను బట్టి అప్పు పరిమితి ఇస్తాయి, ఆ విలువను సాధారణంగా ఏడాదికి రెండుసార్లు, వసంతంలోనూ శరత్తులోనూ, తిరిగి లెక్కిస్తాయి. ధరలు పడిన తర్వాత వచ్చే పునఃపరిశీలనలో పరిమితి కోతపడితే, కంపెనీ నగదు కోసం కొత్త షేర్లు అమ్ముతుంది, పాత వాటాదారుడి భాగం పలచబడుతుంది. త్రైమాసిక నివేదికల నుంచి ఇప్పటికే వాడుకున్న అప్పు, మిగిలిన పరిమితి, తిరిగి చెల్లించాల్సిన సంవత్సరాలు తీసి నమోదు చేస్తున్నాను. వాడుకున్న భాగం పరిమితిలో 70 శాతం దాటిన కంపెనీకి, 12 నెలల చమురు సగటు గత పునఃపరిశీలన నాటికన్నా 15 శాతం తగ్గి ఉంటే, కొనదగిన షేర్ల గడి సున్నా చూపాలి. ఈ సూత్రాన్ని ముందుగా వైటింగ్, చెసపీక్ వరుసల మీద 2019 శరత్తు నుంచి నడిపి చూస్తాను.